గ్రంథాలయం నలుగురి చావడి

గ్రంథాలయం అనగానే మనలో చాలామందికి గోడకు తగిలించిన 'నిశ్శబ్దం పాటించండి' అనే బోర్డు జ్ఞాపకం వస్తుంది. ఆ బోర్డు అవసరమే, కాదనటం లేదు. పక్కవాడు గట్టిగా మాట్లాడుతుంటే చదువు సాగదు గదా! అయితే మన తెలుగునాట గ్రంథాలయాల చరిత్రను కాస్త తిరగేసి చూస్తే ఆ బోర్డు ఉన్న గదికి పక్కనే ఇంకొక గది కనిపిస్తుంది. అక్కడ నలుగురు కూర్చున్నారు, పత్రిక చదివి వినిపించుకున్నారు, వాదించుకున్నారు, ఊరి బాగోగులు తేల్చుకున్నారు. చదువుకునే గదికీ మాట్లాడుకునే గదికీ మధ్య తలుపు తెరిచి ఉన్నంత కాలం గ్రంథాలయం ఊరికి పనికివచ్చింది. ఆ తలుపు మూసుకుపోయిన చోట అది పుస్తకాల కొట్టుగా మిగిలిపోయింది. ఈ సంచికలో ఆ చరిత్రను మన పాఠకుల ముందుంచి, దాని నుంచి మన సంఘం, మన మొహల్లాలు నేర్చుకోవలసినది ఏమిటో మనవి చేయదలిచాము.

పేర్లలో ఉన్న సంగతి

ముందుగా పేర్ల సంగతి చూద్దాం. తెలుగువారు గ్రంథాలయాన్ని కొన్నాళ్ళు 'గ్రంథ భాండాగారం' అన్నారు. భాండాగారం అంటే దాచిపెట్టే చోటు, ఖజానా వంటిది. మరికొందరు 'భాషా నిలయం' అన్నారు, 'నికేతనం' అన్నారు. అంటే భాష కాపురం ఉండే ఇల్లు అన్నమాట. ఉర్దూలో 'కుతుబ్ ఖానా' అంటే పుస్తకాల ఇల్లు. మొహల్లాల్లో చిన్న గదుల్లో నడిచే పఠన మందిరానికి 'దారుల్ ముతాలా' అని పేరు. దార్ అంటే ఇల్లు, ముతాలా అంటే అధ్యయనం, చదువు. ఈ పేర్లలో ఒక్క 'భాండాగారం' తప్పిస్తే మిగిలినవన్నీ ఇంటినే తలపిస్తాయి. ఇల్లు అన్న తరువాత మనుషులు వస్తారు, పోతారు, కూర్చుంటారు, మాట్లాడుకుంటారు. పూర్వులు ఊరికే పేర్లు పెట్టలేదు.

ఆసఫియా తెరిచిన తలుపు

హైదరాబాద్ సంస్థానంలో 1891లో ఆసఫియా కుతుబ్ ఖానా ఏర్పడింది. ఇమాదుల్ ముల్క్ బిరుదుతో ప్రసిద్ధుడైన సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం వంటి విద్యాభిమానుల పూనిక దీని వెనుక ఉన్నది. ముల్లా అబ్దుల్ ఖయ్యూం సామాన్యుడు కాడు. ప్రాచీన అరబ్బీ గ్రంథాలను పరిష్కరించి అచ్చువేసే 'దాయిరతుల్ మారిఫ్' సంస్థకు ఆయన ఒక స్థాపకుడు. భారత జాతీయ కాంగ్రెస్‌ను ఆ తొలి రోజుల్లోనే బాహాటంగా సమర్థించిన హైదరాబాదీ. పుస్తకమూ ప్రజాజీవితమూ వేర్వేరు కావని ఆయన జీవితమే చెబుతుంది.

అదే 1891లో బీహారులోని పాట్నాలో మౌల్వీ ఖుదాబక్ష్ ఖాన్ తన తండ్రి నుంచి వచ్చిన, తాను కూర్చిన సుమారు 4,000 వ్రాతప్రతులతో గ్రంథాలయాన్ని ప్రజలకు అంకితం చేశారు. ఆ ఒక్క సంవత్సరంలో ఇటు దక్కనులోనూ అటు గంగ ఒడ్డునా జరిగిన ఈ రెండు పనులనూ కలిపి చూస్తే ఒక మార్పు స్పష్టంగా తెలుస్తుంది. అంతవరకూ పుస్తకాలు నవాబుల దేవిడీల్లో, పండితుల పెట్టెల్లో, ఖాన్‌ఖాల్లో, మఠాల్లో ఉండేవి. చదవాలంటే యజమాని దయ కావాలి. ఇప్పుడు ముక్కూమొహం తెలియనివాడు కూడా లోపలికి వచ్చి, పుస్తకం అడిగి, బల్ల ముందు కూర్చోవచ్చు. దయ పోయి హక్కు వచ్చింది. పౌరుడు అనేవాడు అక్కడే మొదలయ్యాడని మేము భావిస్తున్నాము.

ఆసఫియా మొదట ఆబిడ్స్ ప్రాంతంలో ఉండేది. తరువాత మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్‌లో పెద్ద భవనానికి 1932లో మీర్ ఉస్మాన్ అలీఖాన్ శంకుస్థాపన చేశారు. 1936లో గ్రంథాలయం అక్కడికి చేరింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కాలంలో అదే రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమైంది. ఉర్దూ, ఫార్సీ, అరబ్బీ, తెలుగు, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషు, హిందీ పుస్తకాలు ఒకే కప్పు కింద ఉన్న చోట్లు మన దేశంలో మరీ ఎక్కువ లేవు.

రెసిడెన్సీ బజారులో ఒక ఇల్లు

ఆసఫియా ప్రభుత్వం నీడన ఏర్పడినది. ప్రజలు తమంతట తాము పెట్టుకున్న గ్రంథాలయం కథ వేరు. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాద్‌లో రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం పుట్టింది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు దానికి అండగా నిలిచారు. తెలంగాణలో ఇది తొలి తెలుగు గ్రంథాలయమని ప్రతీతి. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషానిలయం, 1905లో సికింద్రాబాద్‌లో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం వెలిశాయి.

భాషానిలయం పుట్టిన చోటును కొంచెం గమనించాలి. అది రెసిడెన్సీ బజారు, అంటే నేటి సుల్తాన్ బజారు, కోఠీ ప్రాంతం. ఆ బజార్లు 1933 వరకూ బ్రిటిష్ రెసిడెంటు అధికారం కింద ఉండేవి. సంస్థానంలో అమలయ్యే కట్టుబాట్లు అక్కడ పూర్తిగా వర్తించవు. నలుగురు కలిసి కూర్చుని మాట్లాడుకోవడానికి ఆ కాస్త సందు దొరికింది.

ఆ కట్టుబాట్లు ఎటువంటివో నేటి యువకులకు తెలియకపోవచ్చు. 'గస్తీ నిషాన్ 53' అని ఒక ఉత్తర్వు ఉండేది. దాని ప్రకారం బహిరంగ సభ పెట్టుకోవాలంటే ముందుగా సర్కారు అనుమతి పొందాలి. ఖాన్‌గీ పాఠశాలలు, అంటే ప్రైవేటు బడులు పెట్టుకోవడానికి కూడా ఆంక్షలు ఉండేవి. సభ వద్దు, బడి వద్దు అన్నప్పుడు మిగిలింది ఏమిటి? పుస్తకాలు పెట్టుకుని చదువుకునే గది. ఆ గదిలోకి పత్రిక వస్తుంది. పత్రికను ఒకడు చదువుతాడు, చదువురాని పదిమంది వింటారు. విన్నవాడు ఊరుకోడు, ప్రశ్న వేస్తాడు. అలా గ్రంథాలయం సభాస్థలి కాకుండానే సభ పని చేసింది. సంస్థానంలో ఊరూరా తెలుగు గ్రంథాలయాలు పెట్టుకోవాలన్న తపన రాజకీయ తపనగా మారడానికి కారణం ఇదే.

1921 నవంబరులో జరిగిన సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. హైదరాబాద్ వివేకవర్ధిని థియేటరులో సంఘ సంస్కార సభ జరుగుతున్నది. మహర్షి కర్వే అధ్యక్షులు. ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో ఉపన్యాసాలు సాగాయి. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మాట్లాడబోతే సభలో గేలి చేశారు. ఆయన మాట సాగనివ్వలేదు. సంస్థానంలో ఎక్కువమంది మాట్లాడే భాషకు ఒక సంస్కార సభలోనే చెవి దొరకలేదన్నమాట! ఆ అవమానం నుంచి, ఆ రాత్రే, నవంబరు 12న ఆంధ్ర జనసంఘం పుట్టింది. మాడపాటి హనుమంతరావు దానికి ప్రాణం పోశారు. ఆ సంఘం మొట్టమొదట పెట్టుకున్న పనులు ఏమిటనుకున్నారు? గ్రంథాలయాలు, పఠన మందిరాలు స్థాపించడం, తాళపత్రాలు, శాసనాలు సేకరించడం. గొంతు నొక్కితే అరవటం ఒక పద్ధతి. మాట్లాడుకోవడానికి సొంత చోటు కట్టుకోవటం ఇంకొక పద్ధతి. వాళ్ళు రెండోది ఎంచుకున్నారు. 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జోగిపేటలో ఆంధ్ర మహాసభ కూడేనాటికి, ఆ సభలో కూర్చున్నవారిలో పఠన మందిరాల బల్లల దగ్గర మాటలు నేర్చినవారు తక్కువేమీ కాదు.

మన పాఠకులు ఇంకొకటి గమనించాలి. మాడపాటివారు ఉర్దూ బాగా తెలిసినవారు, ఉర్దూ పత్రికలకు వ్రాసినవారు. ప్రేమ్‌చంద్ కథలను తెలుగులోకి తెచ్చినవారు. సురవరంవారికి కూడా ఉర్దూ, ఫార్సీ వచ్చు. తెలుగు కోసం పోరాడినవారికి ఉర్దూ మీద పగ లేదు. తమ భాషకు కూడా చోటు కావాలన్నారు, అంతే.

వట్టికోట ఆళ్వారుస్వామిని మరిచిపోతే పాపం. హోటలులో సర్వరుగా పనిచేసి, ప్రూఫులు దిద్దుకుంటూ స్వయంగా చదువుకున్న మనిషి. 1938లో సికింద్రాబాద్‌లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టారు. పుస్తకాలను తానే మోసుకుని ఊరూరా తిరిగి అమ్మారు. జైలుకు పోయిన చోట కూడా తోటి ఖైదీలకు అక్షరాలు దిద్దించారు. ఇటువంటివారికి గ్రంథాలయం అంటే కట్టడం కాదు, మనిషి నడిచి వెళ్ళి మనిషిని కలిసే పని.

కోస్తాలో పల్లెపల్లెకూ

ఇక కోస్తా జిల్లాల సంగతి. 1886లోనే విశాఖపట్నంలో ప్రజా గ్రంథాలయం ఏర్పడింది. రాజమహేంద్రవరంలో 1898లో వాసురాయ గ్రంథాలయం వచ్చింది. నాళం కృష్ణారావు పూనికతో 1920లో గౌతమీ గ్రంథాలయం రూపుకట్టింది. బెజవాడలో 1911లో రామమోహన గ్రంథాలయం మొదలైంది. వేటపాలెంలో 1918లో ఊటుకూరి వెంకటసుబ్బరాయ శ్రేష్ఠి మొదలైన యువకులు పెట్టిన సంస్థ సారస్వత నికేతనమై నేటికీ పాత పత్రికల సంపుటాలకు ఖజానాగా నిలిచి ఉన్నది. 1929లో గాంధీజీ అక్కడికి వచ్చారు. ఆయన చేతికర్రను ఇప్పటికీ భద్రంగా దాచారు.

1914 ఏప్రిల్‌లో బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన ఆంధ్రదేశంలోని గ్రంథాలయాల ప్రతినిధులు మొదటిసారి ఒకచోట కూడారు. అయ్యంకి వెంకటరమణయ్య ఆ పనికి నడుం కట్టారు. చిలకమర్తివారికి అప్పటికి చూపు దాదాపు పోయింది. చదవలేని మనిషి చదివించే ఉద్యమానికి అధ్యక్షుడయ్యాడు! ఆ సభ నుంచి పుట్టిన సంఘం దేశంలో ఇటువంటి సంఘాలలో తొలిదని చెబుతారు. తరువాత 'గ్రంథాలయ సర్వస్వము' పత్రిక వచ్చింది. 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత స్థాయి గ్రంథాలయ మహాసభ జరిగింది. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు మనం జరుపుకునే గ్రంథాలయ వారోత్సవాలకు ఆ తేదీ మూలం. అయ్యంకివారికి 1972లో పద్మశ్రీ వచ్చింది.

గాడిచర్ల హరిసర్వోత్తమరావు మరో మహనీయుడు. 1908లో 'స్వరాజ్' పత్రికలో వ్రాసిన వ్రాతకు జైలుకు వెళ్ళి, అక్కడ నానా బాధలు పడి వచ్చారు. తిరిగి వచ్చాక వయోజన విద్యనూ గ్రంథాలయాలనూ తన పనిగా పెట్టుకున్నారు. ఓటు వేసేవాడికి చదువు రాకపోతే స్వరాజ్యం వచ్చినా ఎవరికి దక్కుతుందన్న ప్రశ్న ఆ పని అంతటి వెనుకా ఉన్నది.

పాతూరి నాగభూషణం గుంటూరు జిల్లా పెదపాలెం మనిషి. ఆ రోజుల్లో కృష్ణా కాలువల మీద పడవ ప్రయాణాలు సాగేవి. పడవ నెమ్మదిగా పోతుంది. ప్రయాణికులకు పొద్దు పోదు. 1935లో ఆయన పెదవడ్లపూడి - కొల్లూరు మధ్య పడవలో పుస్తకాలు పెట్టించారు. అదే నౌకా గ్రంథాలయం. అందులో కూర్చున్నవాళ్ళు ఎవరు? సంతకు పోయే రైతు, పుట్టింటికి పోయే ఆడపడుచు, తోళ్ళో బట్టలో అమ్ముకునే బేరగాడు. కులం మతం చూసి పడవ ఎక్కించుకోరు గదా! ఒకడు చదివితే పడవంతా విన్నది. గ్రంథాలయం ఎలా ఉండాలో ఆ పడవను చూసి నేర్చుకోవచ్చునని మేము అంటాము.

ఇతర ప్రాంతాల్లోనూ ఇటువంటి ప్రయత్నాలు జరిగాయి. బరోడా మహారాజు సాయాజీరావు గైక్వాడ్ 1910లో అమెరికా నుంచి విలియం బోర్డెన్‌ను పిలిపించి ఊళ్ళకు పుస్తకాల పెట్టెలు పంపే ఏర్పాటు చేయించారు. కేరళలో 1945లో పి.ఎన్. పణిక్కర్ 47 గ్రంథాలయాలను కూడగట్టి సంఘం పెట్టారు. బరోడాలో రాజు ఇచ్చాడు, కేరళలో ప్రజలు కట్టుకున్నారు. తెలుగునాట ఎక్కువగా ప్రజలే చందాలు వేసుకుని, పిడికెడు బియ్యం ఎత్తి, సొంత పుస్తకాలిచ్చి నిలబెట్టారు.

వేర్వేరు గదుల కొరత

చరిత్రను పొగడ్తగా వ్రాస్తే మన పిల్లలకు ఉపయోగం లేదు. ఆ ఉద్యమంలోని కొరత కూడా చెప్పాలి. గ్రంథాలయాలు చాలావరకు భాష పేరున, మతం పేరున, కులం పేరున ఏర్పడ్డాయి. తెలుగువారిది ఒక గది, మరాఠీవారిది ఒక గది, మన మొహల్లాలో దారుల్ ముతాలా ఒక గది. కొన్నిచోట్ల పుస్తకాలను సరస్వతీ మందిరమని పిలిచి గుడిలా చూశారు. భక్తిలో తప్పు లేదు గాని, గుడి అన్నాక గుమ్మం దగ్గరే కొందరు ఆగిపోయారు. దళితులు చాలా ఊళ్ళలో ఆ గడప దాటలేకపోయారు. మనవాళ్ళు కొందరు 'అది మనది కాదు' అనుకుని దూరంగా ఉన్నారు. మనం పెట్టుకున్న పఠన మందిరాల్లోకి తెలుగు పత్రిక రాలేదు. వాళ్ళు పెట్టుకున్న వాటిలోకి ఉర్దూ పత్రిక రాలేదు. ఒకే వీధిలో ఉన్నవాళ్ళు రెండు వేర్వేరు వార్తలు చదివారు. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే ఏళ్ళు గడిచాయి.

1940ల దశకం చివర సంస్థానంలో వచ్చిన కష్టకాలానికి కారణాలు చాలా ఉన్నాయి. వాటిని ఇక్కడ విప్పబోము. కాని ఒక్క మాట. ఎదురుగా కూర్చుని మాట్లాడుకునే చోటు లేనప్పుడు వదంతికి కాళ్ళు వస్తాయి. పత్రిక ఎదురుగా ఉండి, పక్కన భిన్నాభిప్రాయం కలవాడు కూర్చుని ఉంటే, 'ఇది ఎక్కడ వ్రాసి ఉంది, చూపించు' అని అడుగుతాడు. ఆ ప్రశ్న ఎన్నో గొడవలను మొగ్గలోనే తుంచుతుంది.

ఇరానీ హోటలులో ఒక ఉర్దూ పత్రికను పదిమంది పంచుకుని చదవటం హైదరాబాద్‌లో అందరికీ తెలిసినదే. మాట, వాదం, చాయ్ అన్నీ అక్కడ ఉన్నాయి. అయితే చాయ్ అయిపోయాక లేవాలి. ఆడవాళ్ళకు అక్కడ చోటు తక్కువ. నిన్నటి పత్రిక, పోయినేటి గెజిటు అక్కడ దొరకవు. గ్రంథాలయంలో అవి దొరుకుతాయి. వాదానికి రుజువు అందుబాటులో ఉండే చావడి గ్రంథాలయమొక్కటే.

రూపాయికి ఎనిమిది పైసలు

స్వాతంత్ర్యం తరువాత చట్టం వచ్చింది. యస్.ఆర్. రంగనాథన్ కృషితో 1948లో మద్రాసు పౌర గ్రంథాలయ చట్టం అయింది. స్వతంత్ర భారతంలో ఇది మొదటిది. 1955లో హైదరాబాద్ రాష్ట్రం తన చట్టం చేసుకున్నది. రెండింటినీ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయ చట్టం వచ్చింది. జిల్లాకొక గ్రంథాలయ సంస్థ ఏర్పడింది. 2014లో రాష్ట్రం రెండైన తరువాత కూడా రెండు రాష్ట్రాల్లోనూ ఈ ఏర్పాటే కొనసాగుతున్నది.

ఈ చట్టంలో అసలు కీలకం గ్రంథాలయ పన్ను. మనం కట్టే ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కూడా వసూలవుతుంది. ఇంటిపన్ను 1,000 రూపాయలైతే 80 రూపాయలు గ్రంథాలయానికి అన్నమాట. పురపాలక సంఘమో పంచాయతీయో వసూలు చేసి జిల్లా సంస్థకు జమ చేయాలి. చాలాచోట్ల ఈ జమ ఏళ్ళ తరబడి నిలిచిపోతున్నదని అందరూ చెప్పుకునే మాటే. అద్దె ఇంట్లో ఉన్నవాడు కూడా అద్దె రూపంలో ఈ పన్ను భారం మోస్తూనే ఉన్నాడు. కాబట్టి శాఖా గ్రంథాలయంలోకి అడుగుపెట్టే ప్రతివాడూ అక్కడ ధర్మానికి వచ్చినవాడు కాదు, ఖర్చు పెట్టుకున్నవాడు. అది హిందువులదీ కాదు, ముస్లిములదీ కాదు, క్రైస్తవులదీ కాదు. అందరి పైసలతో నడిచేది. పూర్వం వేర్వేరు గదులుగా ఉన్న దానికి చట్టం ఒకే కప్పు వేసింది. ఆ కప్పు కింద కలిసి కూర్చోవటం మాత్రం చట్టం చేయలేదు, మనమే చేయాలి.

1951లో ఢిల్లీలో యునెస్కో సాయంతో ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీని నెహ్రూగారు ప్రారంభించారు. అక్కడ పుస్తకాలు ఇవ్వటంతో పాటు చర్చాగోష్ఠులు, ఉపన్యాసాలు, కొత్తగా చదువు నేర్చినవారికి కార్యక్రమాలు నడిపారు. దేశ విభజనలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చినవారితో నిండిన నగరమది. అటువంటి చోట తెలియనివారి మధ్య కూర్చుని మాట్లాడుకోవటానికి ఒక బల్ల ఎంత విలువైనదో చెప్పనక్కరలేదు.

ఇప్పుడు చేయవలసినది

నేటి పరిస్థితి ఏమిటి? చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్ళి చూడండి. ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలతో కిటకిటలాడుతుంది. చోటు దొరకక మెట్ల మీద, చెట్ల కింద కూర్చుని చదువుతారు. చాలా సంతోషం. పేద ఇంట్లో బల్లా దీపమూ లేని పిల్లవాడికి గ్రంథాలయమే ఇల్లు. అయితే ఆ పిల్లవాడు అక్కడ పరీక్ష పుస్తకం తప్ప ఇంకొకటి తెరవటం లేదు. పక్కన కూర్చున్నవాడి పేరు కూడా అడగటం లేదు. మరోపక్క చిన్న ఊళ్ళ శాఖల్లో ఉద్యోగి లేక తాళం పడుతున్నది. పత్రికల చందా ఆగిపోతున్నది. ఉన్నవాళ్ళు సెల్‌ఫోనులో వార్త చూసుకుంటున్నారు. ఫోనులో వచ్చే వార్త మనకు నచ్చినదే పదేపదే చూపిస్తుంది. నచ్చని మాట చెప్పే మనిషిని అది మన పక్కన కూర్చోబెట్టదు. ఒక అబద్ధం నిమిషంలో ఊరంతా పాకుతుంది, దానిని సరిచూసే బల్ల మాత్రం తాళం వెనుక ఉంటుంది. వేర్వేరు గదుల కాలం వేరే రూపంలో తిరిగి వస్తున్నదేమో అని మా భయం.

కాబట్టి మన సంఘ సభ్యులకు, మొహల్లా పెద్దలకు, ముఖ్యంగా యువకులకు కొన్ని మనవులు.

ఒకటి, మీ వార్డులోని శాఖా గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకోండి. ఇంట్లో ఆడపిల్లలకు కూడా తీయించండి. వాళ్ళు ఏ వేళకు సులువుగా రాగలరో, ఎక్కడ కూర్చుంటారో గ్రంథపాలకునితో మాట్లాడి ఏర్పాటు చేయించండి. తల్లి గడప దాటితే పిల్లలు తామే వస్తారు.

రెండు, అక్కడ ఉర్దూ పత్రిక రాకపోతే వ్రాతమూలకంగా అడగండి. మన మొహల్లాలోని పఠన మందిరానికి ఒక తెలుగు దినపత్రిక తప్పక తెప్పించండి. తెలుగే చదవగలిగిన ముస్లిములు కోస్తాలో, రాయలసీమలో లక్షలమంది ఉన్నారు. పిఠాపురం ఉమర్ ఆలీషా తెలుగు కవిగా ఎంత ప్రసిద్ధులో, చిలుకూరి నారాయణరావు ఖురాన్‌ను తెలుగు చేశారన్న సంగతి ఎంత విశేషమో మన పిల్లల్లో చాలామందికి తెలియదు. అటువంటి పుస్తకాలు అందరికీ అందేచోట ఉండాలి.

మూడు, నెలకొకసారి ఒక సాయంత్రం చర్చ పెట్టండి. విషయం దగ్గరిదై ఉండాలి. మంచినీళ్ళు, మురుగుకాలువ, స్కాలర్‌షిప్ దరఖాస్తులు, రేషను కార్డు, బడిలో టీచర్ల కొరత, ఇటువంటివి. సంబంధించిన ఉత్తర్వును ముందు చదివి వినిపించండి, తరువాత మాట్లాడండి. అన్ని మతాలవారినీ పిలవండి. మురుగుకాలువకు మతం లేదు. మాట్లాడేవానిని మధ్యలో ఆపవద్దు. 1921లో ఒక వకీలు మాటను ఆపినందుకు ఎంత చరిత్ర నడిచిందో పైన చూశాము.

నాలుగు, మీ ఊరి పురపాలక సంఘం గ్రంథాలయ పన్ను ఎంత వసూలు చేసింది, ఎంత జమ చేసింది అని సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఇది 2005 నుంచి ప్రతి పౌరునికీ ఉన్న హక్కు. అడగటంలో గొడవ ఏమీ లేదు. మన ఎనిమిది పైసల లెక్క మనం అడుగుతున్నాము.

అయిదు, మన ఇళ్ళలో అటకల మీద తాతల నాటి పుస్తకాలు, పత్రికలు, వ్రాతప్రతులు చెదలు తింటున్నాయి. అవి తూకానికి వేయకండి. చదవగలిగినవారికి చూపించి, మంచి గ్రంథాలయానికి చేర్చండి. ఖుదాబక్ష్‌గారి గ్రంథాలయం కూడా తండ్రి దాచిన పుస్తకాలతోనే మొదలైంది.

ఇవి పెద్ద పనులు కావు. డబ్బు కూడా పెద్దగా అక్కరలేదు. వారానికి రెండు గంటలు, ఇద్దరు ముగ్గురు ఓపికగల యువకులు చాలు. భాషానిలయం ఒక ఇంటి గదిలో మొదలైంది. నౌకా గ్రంథాలయం ఒక పడవలో మొదలైంది. వాటిని పెట్టినవారికి మన దగ్గర ఉన్నన్ని వసతులు లేవు, మనకున్న ఓటు లేదు, సభ పెట్టుకునే హక్కు కూడా లేదు. మనకు అన్నీ ఉన్నాయి. తాళం తీయించి, బల్ల తుడిచి, పక్కవానికి కుర్చీ జరపటమే మిగిలి ఉన్నది. రాబోయే నవంబరు వారోత్సవాల నాటికి మన ప్రాంతంలోని ప్రతి శాఖా గ్రంథాలయంలోనూ కనీసం ఒక్క చర్చాసభ జరగాలని, అందులో అన్ని వీధులవారూ ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.